‘మామూలు పిల్ల’ అని నేను రాసిన ఫారం

మా రోడ్డుకి అటువైపు ఇళ్ళ పిల్లలు ఒక మిడిల్ స్కూలుకీ, ఇటువైపు ఇళ్ళ పిల్లలు ఇంకో మిడిల్ స్కూలుకీ వెళ్ళాలని శాంటా క్లారాలో స్కూలు బోర్డు వాళ్ళు తేల్చిన ఏడు మా అమ్మాయి ఆరో క్లాసులో ఉంది. ఎనభైల మొదటి రోజులవి. పిల్లలు తగ్గిపోతున్నారని ఒక స్కూలు మూసేసి, మిగతా స్కూళ్ళ హద్దులు కొత్తగా గీశారు. ఆ గీత సరిగ్గా మా రోడ్డు నడిమధ్య నుంచి పోయింది. అటువైపు ఎదురింట్లో మా అమ్మాయి ప్రాణస్నేహితురాలు, ఇటువైపు మేము. నాకసలే ముక్కు మీద కోపం. పేపర్లో ఆ మ్యాపు చూసి ఒంటికాలి మీద లేచాను.

"ఏవండీ, రోడ్డు మధ్యలో గీత గీసే బుద్ధి ఏ మహానుభావుడికి పుట్టిందండీ?" అన్నాను మావారితో.

ఆయన ఇంజనీరు, మితభాషి. ఆఫీసులో కూడా అడిగితేనే మాట్లాడతారని చెప్పుకునేవారు. అలాంటి మనిషి టై కట్టుకుని బోర్డు మీటింగుకి వెళ్ళి, గంటన్నర వరసలో కూర్చుని, తన వంతు వచ్చాక లేచి, గీత ఇళ్ళ వెనకగా ఎందుకు గీయకూడదని అడిగొచ్చారు. గీత ఎక్కడో ఒకచోట ఉండాలి కదా అన్నారట వాళ్ళు. "నిజమే కదే" అన్నారు ఈయన ఇంటికొచ్చి, షూ విప్పుకుంటూ. ఆ రోజు ఆయనకి కాఫీ ఇవ్వలేదు.

అటువైపు వాళ్ళకి పడిన స్కూలు మంచిదని అందరూ అనేవారు. లెక్కలు బాగా చెబుతారు, సైన్సు ల్యాబు ఉంది, లైబ్రరీ పెద్దది. మాకు పడిన స్కూలు గురించి ఎవరూ మంచీ అనరు, చెడ్డా అనరు. అదే నాకు గుండెల్లో దడ. అసలు సంగతేమిటంటే, ఆ రెండు స్కూళ్ళలో దేన్లోనూ అప్పటికి మేం అడుగు పెట్టలేదు. అయినా శని, ఆదివారాలు ఏ తెలుగువాళ్ళింట్లో భోజనాలకి కలిసినా ఇదే రామాయణం. పులిహోర వడ్డిస్తూ స్కూళ్ళు, పెరుగన్నంలోకి ఆవకాయ వేస్తూ స్కూళ్ళు.

మాకంటే చాలా ముందు ఆ ఊరొచ్చి స్థిరపడినావిడ ఒకరుండేవారు. ఆసుపత్రిలో నర్సు. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. మాలో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఆవిడ దగ్గర మందుండేది.

"ఎందుకమ్మా అంత కంగారు? ఎదురింటి అడ్రస్ ఇచ్చెయ్యండి. ఎవడొచ్చి చూస్తాడు?" అంది.

మావారు కంచంలోంచి తలెత్తకుండానే, "అబద్ధంతో మొదలుపెట్టి ఏం చదివిస్తామండీ?" అన్నారు. అక్కయ్య ఆయన వంక ఒకసారి చూసి, ఈయనతో లాభం లేదన్నట్టు నావైపు తిరిగింది.

"అయితే ఇంకో దారుంది. ఆ మంచి స్కూల్లోనే తెలివైన పిల్లలకని గిఫ్టెడ్ క్లాసు పెడుతున్నారు. దాన్లో సీటొస్తే గీతకి ఏ పక్కనున్నా తీసుకుంటారు. మీ టీచర్ని అడిగి టెస్ట్ రాయించు."

మా ఆశంతా ఇక ఆ ఒక్క సీటు మీదే. మా అమ్మాయికి క్లాసు గొడవ అంతగా పట్టలేదు, స్నేహితురాలితో కలిసి నడిచి వెళ్ళాలి, అంతే. టెస్ట్ రాసొచ్చిన రోజు "ఈజీగానే ఉంది అమ్మా" అని, రెండు యాపిల్స్ తిని, ఎదురింటికి పరిగెత్తింది. వారం తిరక్కుండా తల్లిదండ్రులు నింపాల్సిన ఫారం ఒకటి ఇంటికొచ్చింది.

ఆ ఫారం సంగతి తల్చుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ వస్తుంది, చెంపలూ వేసుకోవాలనిపిస్తుంది. ఒక పేజీ నిండా ప్రశ్నలు. ప్రతిదానికీ ‘తరచుగా’, ‘అప్పుడప్పుడు’, ‘అరుదుగా’ అని మూడు గళ్ళు. మీ అమ్మాయి పెద్దవాళ్ళతో వాదిస్తుందా? రామ రామ, నా పెంపకం అలాంటిదా? ‘అరుదుగా’లో టిక్కు పెట్టాను. చెప్పింది చెప్పినట్టు నమ్మకుండా ఎందుకని అడుగుతుందా? అడుగుతుంది, ప్రాణాలు తోడేస్తుంది. కానీ ఆ మాట బయటివాళ్ళకి చెబుతామా? ‘అరుదుగా’. పిలిచినా వినబడనంతగా ఏదైనా పనిలో మునిగిపోతుందా? పిలిస్తే పలకని పిల్లనుకుంటారని అదీ ‘అరుదుగా’. నా కూతుర్ని బుద్ధిమంతురాలిగా చూపించానని నాకెంత తృప్తి!

ఆఖర్న నాలుగు గీతలు గీసి, మీ బిడ్డ ప్రత్యేకతలు మీ మాటల్లో రాయండి అన్నారు. అక్కడ నా కలం ఆగింది. మా పుట్టింట్లోగానీ అత్తవారింట్లోగానీ కన్నబిడ్డని నలుగురిలో మెచ్చుకోవడం అన్నది లేదు. ‘మీ అమ్మాయి ఎంత చురుకండీ’ అని ఎవరైనా అంటే, ‘ఆ, ఏం చురుకులెండి, చెప్పిన మాట వింటే కదా’ అని కొట్టిపారెయ్యాలి. తల్లి కన్నే ముందు తగులుతుందంటారు. పైగా కన్నతల్లే పొగుడుకుంటోందని నవ్వుతారు. అందుకని, ‘మామూలు పిల్ల. చెబితే చేస్తుంది. చేతిరాత ఇంకా బాగుపడాలి’ అని నాకొచ్చిన ఇంగ్లీషులో రాశాను. మావారు స్పెల్లింగు ఒకటి దిద్ది సంతకం పెట్టారు. ఇంజనీరుగారికి కూడా అందులో తప్పేం కనబడలేదు.

సీటు రాలేదని ఉత్తరం వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. మా అమ్మాయి ఉత్తరం చదివి, మడిచి, టేబుల్ మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళింది. ఆ పూట ఎదురింటికి వెళ్ళలేదు. పిల్ల అరిచినా, ఏడ్చినా నాకింత బాధ ఉండేది కాదు.

రెండ్రోజులకి ఆరో క్లాసు టీచర్ ఫోన్ చేసింది. అమ్మాయిని తీసుకుని స్కూలు అయ్యాక రమ్మంది. నేను చేసేది ఫ్యాక్టరీలో సర్క్యూట్ బోర్డుల మీద సీసం కరిగించి అతికే సోల్డరింగు పని. ఆ రోజు షిఫ్టు మధ్యలో పర్మిషన్ అడిగి, వేళ్ళకి ఆ వాసన పోకుండానే వెళ్ళాను. మావారికి సెలవు దొరకలేదు. టీచర్ పెద్దావిడ, జుట్టంతా తెల్లబడింది, కళ్ళద్దాలు మెడలో గొలుసుకి వేలాడుతున్నాయి. నా ఫారం తీసి మా ముందు పెట్టింది.

"టెస్టులో మీ అమ్మాయికి మంచి మార్కులొచ్చాయి. కమిటీ వాళ్ళు ఇది చదివి వెనక్కి తగ్గారు. కన్నవాళ్ళే ఏమీ లేదంటుంటే మేం ఎలా తీసుకుంటాం అన్నారు. వారంలోగా మళ్ళీ పంపితే చూస్తామన్నారు" అంది.

నా పక్కన కూర్చున్న మా అమ్మాయి ఆ కాగితం తనవైపు లాక్కుంది. నేను ఆపేలోపే చదివేసింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, నువ్వే రాశావా ఇది?"

దిష్టి సంగతి టీచరుకి ఇంగ్లీషులో ఎలా చెప్పను? చెప్పినా పదకొండేళ్ళ పిల్లకి ఏం ఊరట? పొగిడితే మంచిది కాదనుకున్నానని మాత్రం, వచ్చీరాని మాటల్లో, టీచరుకి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోనూ లేదు. కొత్త ఫారం తీసి కలం మూత విప్పింది. "మీరు మీ భాషలో చెప్పండి, మీ అమ్మాయి నాకు ఇంగ్లీషులో చెబుతుంది, నేను రాస్తాను" అంది.

చూశారా నా గతి! ఎవర్నైతే పొగడకూడదనుకున్నానో ఆ పిల్ల ముందే, ఆ పిల్ల నోటితోనే చెప్పించాలి. సరే, కూతురి సీటు కంటే నా సిగ్గు ఎక్కువా అనుకుని మొదలుపెట్టాను. ఏడేళ్ళప్పుడు, చంద్రుడు మన కారు వెంటే వస్తాడెందుకు, పక్క కారు వెంట పోడెందుకు అని వారం రోజులు నన్ను నిలబెట్టి అడిగిందని చెప్పాను. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ ఆగిపోతే, మూత విప్పి ఊడిన వైరు ఎక్కడుందో నాకంటే ముందు తనే చూపించిందని చెప్పాను. మా అమ్మాయి టీచరు వైపు తిరిగి, "చిన్నప్పుడు ప్రశ్నలు అడిగేదాన్నట, మిక్సీ బాగుచేశానట" అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

నాకు ఇంగ్లీషు మాట్లాడడం సరిగ్గా రాకపోవచ్చుగానీ వింటే అర్థమవుతుంది. "మొత్తం చెప్పవే! నేను చెప్పిందంతా చెప్పు" అన్నాను గట్టిగా. టీచరుకి తెలుగు రాకపోయినా అది అర్థమైనట్టుంది, కలం ఎత్తి ఆగింది.

"నా గురించి నేనే ఎలా చెప్పను అమ్మా? షై గా ఉంది."

"నువ్వు చెప్పడం లేదు. నేను చెబుతున్నాను. నువ్వు ఇంగ్లీషులోకి మారుస్తున్నావు, అంతే."

ఆ తర్వాత సరిగ్గా చెప్పింది. నేనూ ఆగలేదు. హద్దుల మ్యాపు పేపర్లో వచ్చిన వారంలో మా అమ్మాయి రెండు స్కూళ్ళకీ ఇంటి నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. కాలవ పక్క నుంచి గీత గీస్తే ఎవరికీ దూరం కాదని పెద్ద చార్టు మీద రంగు పెన్సిళ్ళతో వేసింది. ఎండలో ఎక్కడెక్కడో తిరిగావని నేను చెడామడా తిట్టాను. ఆ చార్టు గొట్టంలా చుట్టి నా చీరల కింద దాచాను. బోర్డు వాళ్ళకి తట్టనిది నా కూతురికి తట్టిందని మనసులో ఎంత పొంగిపోయానో ఎవరికీ చెప్పలేదు. అదంతా ఇప్పుడు చెప్పాను.

మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పడం మానేసింది. నావైపు తిరిగింది.

"ఆ చార్టు నువ్వు త్రో చేశావనుకున్నాను. ఇవన్నీ నువ్వు ఎప్పుడు చూశావు అమ్మా?"

"ఎప్పుడేమిటే? రోజూ చూస్తూనే ఉన్నానుగా" అన్నాను. టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, తొందర లేదు, తీరిగ్గా చెప్పండి అంది. ఇంకో కాగితం తీసింది. రెండోదీ నింపాం.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. సీటు ఇచ్చారు. మావారు దాన్ని రెండుసార్లు చదివి, మూడోసారి నిలబడి చదివారు. మా అమ్మాయి ఎదురింటికి పరిగెత్తబోయి, ఆగలేక వంటింటి ఫోనే తీసింది. నేను పొయ్యి దగ్గర పప్పు తాలింపు వేస్తున్నాను. స్కూలు గురించీ, కలిసి నడిచి వెళ్ళడం గురించీ గెంతుతూ చెబుతుందనుకున్నాను. గోడవైపు తిరిగి, ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ, గొంతు తగ్గించి ఇంగ్లీషులో మొదటి మాట ఇలా అంది:

"ఏమైందో తెలుసా? నేను చాలా తెలివైనదాన్నని మా అమ్మ చెప్పింది. టీచర్ ముందే చెప్పింది. రెండు పేజీలు."