కొట్టు నీది

మా అమ్మకు చలి అంటే, మా పటమట ఇంట్లో జనవరి తెల్లవారుజామున ఫ్యాను ఒక అంకె తగ్గించడం. అలాంటి మనిషిని డెబ్బై రెండేళ్ల వయసులో, అదీ మంచు కురిసే రోజుల్లో, హిమాచల్ కొండల్లోకి తీసుకెళ్తానంటే చుట్టాలందరూ నాకు మతిపోయిందన్నారు. పట్టుబట్టింది నేను కాదు. అక్కడి ఊళ్లలో చలికాలమంతా ఇంటింటా మగ్గం ఆడుతుందని ఎవరో చెబితే విని, చూసి తీరాలంది ఆవిడే.

పామర్రు దాటాక వచ్చే మా ఊళ్లో అమ్మ నలభై ఏళ్లు చీరలు నేసింది. మోకాళ్లు సహకరించక మానేసి నా దగ్గరికొచ్చింది. నాకు వన్ టౌన్‌లో చీరల కొట్టుంది. మీవాళ్లేం చేస్తారని ఎవరడిగినా "బట్టల వ్యాపారమండీ" అనడం బడి రోజుల నుంచీ నాకు అలవాటు. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకునేవాణ్ని. నిజానికి నేత అని చెప్పుకోవడానికి నామోషీ. ఆ చీరలే అమ్ముకుని బతుకుతూ నామోషీ ఏమిటని నన్నెవరూ నిలదీయలేదు. నిలదీస్తే బాగుండేది.

మేం దిగిన ఊళ్లో ఇళ్లన్నీ రాయీ కొయ్యా కలిపి కట్టినవే. కప్పుల మీద మంచు, కింద ఆవులు, పైన మనుషులు. "పశువుల వెచ్చదనం పైకొస్తదన్నమాట. బుర్రున్నోళ్లురా" అంది అమ్మ మంకీ క్యాపులోంచి.

మేం బస చేసిన ఇంటి పెద్దావిడ అమ్మ ఈడుదే. పొయ్యి పక్కన మగ్గం మీద నేస్తూ, పూర్తయిన శాలువా ఒకటి చూడమని అమ్మ చేతిలో పెట్టింది. ఎవరైనా ముందు రంగులు చూస్తారు. అమ్మ దాన్ని తిరగేసింది. వెనకవైపు పోగులు వేలితో తడిమి, అంచు లాగి చూసి, ఆ తర్వాతే ముందువైపు చూసింది. పెద్దావిడ నేయడం ఆపేసింది. ఈవిడేం చేస్తుంటారని నన్ను హిందీలో అడిగింది.

"దుకాన్" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆవిడ నమ్మలేదు. తల అడ్డంగా ఊపింది.

"ఏవంటున్నారురా?" అంది అమ్మ.

"నువ్వేం చేస్తావని."

"నువ్వేం చెప్పావు?"

"కొట్టుందని."

అమ్మ శాలువా మడత పెట్టింది. "కొట్టు నీది. ఆవిడ అడిగింది నా గురించి కదా. చీరలు నేశానని చెప్పు."

కోపంగా అని ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ని. మామూలుగా అంది. చెబుదామంటే ఆ మాట హిందీలో నాకు రాదు. హోల్‌సేలు కొట్లలో నేర్చిన హిందీ నాది. బేరమాడగలను, సరుకు బాగాలేదని పోట్లాడగలను. నేయడాన్ని ఏమంటారో ఇన్నేళ్లలో తెలుసుకోలేదు. చివరికి అమ్మను చూపించి, పోగుల మధ్య నాడె విసిరినట్టు చేతులు ఇటూ అటూ ఆడించాను. మగ్గం పక్కన పెరిగినవాణ్ని, చేతులు మర్చిపోలేదు.

పెద్దావిడ నవ్వి మాట అందించింది. ఆ మాట పట్టుకుని, మా అమ్మ నేస్తుంది, నలభై ఏళ్లు నేసింది అని గట్టిగా చెప్పాను. ఆవిడ లేచి అమ్మకు చోటిచ్చింది. మా ఊరి గుంట మగ్గంలా కాక బల్ల మీద కూర్చునే మగ్గం కాబట్టి మోకాళ్లు అడ్డం రాలేదు. అమ్మ సాక్సులు విప్పి, మగ్గాన్ని తాకి కళ్లకద్దుకుని, వేలెడు మేర నేసి లేచింది. ఒకరి గుడ్డలో ఇంకొకరి చెయ్యి ఎక్కువ ఉండకూడదట. రోజూ చీరలు చూసే నా కంటికి, ఆవిడ నేత ఎక్కడ ఆగిందో అమ్మది ఎక్కడ మొదలైందో తెలియలేదు.

మర్నాడు ఇంకో ఊళ్లో టీ కొట్టతను మాది ఏ ఊరని అడిగాడు. మా అమ్మ చీరలు నేస్తుందని చెప్పాను.

దారిలో అందరూ అడిగే ఆ ప్రశ్నా, నేతకు హిందీ మాటా అప్పటికి అమ్మకూ వచ్చేశాయి. "ఊరడిగితే ఊరు చెప్పాలిరా" అంది.

చెప్పొద్దని మాత్రం అనలేదు.