ఇనుము లేని పనిముట్టు

వనపర్తిలో ఒక బడివాళ్లు పాత వస్తువుల ప్రదర్శన పెట్టారు. మా పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు దొరికిన సామానంతా తమ్ముడు వాళ్లకే ఇచ్చేశాడు. చూసొద్దామని అమ్మను వెంటబెట్టుకుని పోయాను. పోకుండా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనను గానీ, ఆ రోజు నా రక్తం ఉడికిపోయింది.

రోకళ్లు, తిరగళ్లు దాటాక తెల్లగుడ్డ మీద జానెడు తుమ్మకర్ర, దాని కొసకు తోలు వారుతో బిగించిన పొట్టేలు కొమ్ము కనబడ్డాయి. పక్కన అట్ట మీద ముత్యాల్లాంటి అక్షరాలు: “ఇనుము తెలియని కాలపు ఆదిమానవుల పనిముట్టు. వేటకు వాడి ఉండవచ్చు.”

ఆ ఆదిమానవురాలు నా పక్కనే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంటోంది. గుర్తుపట్టి చూపు పక్కకు తిప్పుకుంది.

అది పరిగె కొమ్ము. పల్లికాయ పీకేసిన చేలో, మట్టిలో తెగి మిగిలిన కాయలను కూలోళ్లు ఏరుకోవచ్చు. అదే పరిగె. మా ఊరి పటేలు దానికీ ఒక షరతు పెట్టాడు. చేతులతోనే ఏరుకోవాలి, ఇనుము ముట్టిస్తే దొంగతనం. అవి అదే చేలో ఏడాదంతా ఆయన పార, ఆయన గడ్డపార పట్టిన చేతులే! గట్టిపడ్డ నేలను వేళ్లతో గీకి గీకి అమ్మ గోళ్లు ఊడిపోయాయి. కొమ్ము ఇనుము కాదు కదా అని ఒకటి తెచ్చి, రాయి మీద నూరి మొన తీసి, తనే కర్రకు కట్టుకుంది. ఆ కాయలు తినే మేం ఎండాకాలాలు గడిపాం.

ప్రదర్శన చూసుకుంటున్న బడి సారును పిలిచి ఇదంతా చెప్పాను. గొంతు పెద్దదే అయింది. ఆయన నవ్వి, “ఇనుము లేదు గద మేడం, అందుకే అట్ల రాసినం. మీదే అనేటందుకు గుర్తేంది?” అన్నాడు. తెలియక రాస్తే తప్పు లేదు. చెప్పినాక నవ్వేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అమ్మ చేతిని పట్టి లాగి కర్ర మీద పెట్టాను. కర్ర అరిగి పడ్డ గుంటలో ఆమె బొటనవేలు సరిగ్గా కూర్చుంది. సారు నవ్వు ఆగింది.

అమ్మ చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది.

“ఊకో బిడ్డా. పటేలుకు తెలిస్తే దొంగలంటడు.”

పటేలు చచ్చి ఎన్నేళ్లయిందో! మొదట అమ్మ మీదే కోపమొచ్చింది. ఆ భయం పెట్టినవాడు కాటికి పోయినా అది ఈమెలో బతికే ఉందని తెలిశాక, ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తోచలేదు. అట్టను తిప్పి వెనకవైపు రాశాను: “పరిగె కొమ్ము. మాకు ఇనుము తెలుసు. పట్టుకోనియ్యలేదు.”

“ఏం రాసినవే?” అంది. అమ్మకు చదువు రాదు. అందరికీ వినబడేట్టు చదివాను. ఆమె అట్ట మీది అక్షరాలను వేలితో తడిమింది. చింపెయ్యమంటుందనుకున్నాను.

“గింత రాసినవు గద,” అంది, “నా పేరేది?”