కూర వచ్చింది, గాలి రాలేదు

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన రెండేళ్లకు మా పక్కింటివాళ్లు మేడ లేపారు. ఎయిర్‌పోర్టులో పనిచేసే పిల్లలకు గదులు కిరాయికి ఇవ్వడానికి. అంతకుముందు వాళ్ల రేకుల ఇంటి మీదుగా మా వంటింట్లోకి సాయంత్రపు గాలి వచ్చేది. మేడ లేచింది, గాలి ఆగింది. పొయ్యి దగ్గర నిలబడితే బియ్యంతో పాటు నేనూ ఉడికేదాన్ని. కట్టే ముందు ఒక్క మాట చెప్పలేదని పక్కింటామె మీద అరిచాను. ఆమె కూడా అరిచింది. వాళ్లు ముసల్మానులు, మేం హిందువులం, అయినా ఏళ్ల తరబడి అక్కాచెల్లెళ్లలా ఉన్నాం. ఆ రోజుతో మాటలు బంద్.

మాటలు ఆగాయి గానీ కూర ఆగలేదు. వాళ్లింట్లో మసాలా ఘుమఘుమలాడితే చాలు, కాసేపటికి రెండు పెరళ్ల మధ్య పిట్టగోడ మీద గిన్నె ఉండేది. పిలుపు లేదు, పలకరింపు లేదు. మొదటిసారి తిప్పి పంపుదామనుకున్నాను, మా ఆయన అప్పటికే మూత తీశాడు. ఇక ఖాళీ గిన్నె ఎలా తిరిగిస్తాం? మా అమ్మ నేర్పిన మర్యాద అడ్డొచ్చింది. వంకాయలో, పల్లీలో వేసి మూతి ముడుచుకునే గోడ మీద పెట్టేదాన్ని. పగవాళ్లు ఇలా తిండి పెట్టుకోవడం నేనెక్కడా వినలేదు.

ఒకనాడు ఆమె అత్త వాకిట్లో మంచం మీద కనబడితే ఉండబట్టలేక అడిగాను.

"నీ కోడలు నాతోని మాట్లాడదు, మరి కూరెందుకు పంపుతది పెద్దమ్మా?"

"మా దీన్‌ల, మా మతంల గట్లనే ఉంది బిడ్డా. పొరుగోళ్లు ఏ మతమోళ్లయినా సరే, మన కుండ వాసన వాళ్లింటికి పోతే కూర గూడ పోవాలె. అడగకుండ గోడ లేపి వాళ్ల గాలి ఆపొద్దు."

అని, తమ మేడ వైపు చూసి ముసలామె టక్కున నోరు మూసుకుంది.

నాకు ఒళ్లు మండింది. అంటే ఇన్నాళ్లూ నేను తిన్నది ప్రేమ కాదు, హుకుం! అదీ సుళువైన సగం. కష్టమైన సగం మీద మేడ కట్టుకున్నారు. కానీ అంతా హుకుమే అనుకుంటే ఒక్కటి అతకడం లేదు. శనివారం మేం మాంసం ముట్టమని, వాళ్లింట్లో మటన్ ఉడుకుతున్నా మాకు మాత్రం ఖట్టీ దాల్ వస్తుంది. అది ఏ హుకుంలో ఉంది? ఎంత ఆలోచించినా తేలలేదు.

తర్వాతి గిన్నె వచ్చినప్పుడు ఆమెను పిట్టగోడ దగ్గరే పట్టుకున్నాను.

"కూర పెట్టుమన్న దీన్‌ల గాలి ఆపొద్దని గూడ ఉందంట గదా?"

ఆమె తల వంచుకుంది. "ఉంది అక్కా. మా ఆయనకు కిడ్నీలు ఖరాబైనయి. ఎవ్వరికీ చెప్పలే. దవాఖాన ఖర్చు గీ కిరాయిల మీదనే నడుస్తుంది. ముందుగాల అడిగితే నువ్వు వద్దంటవని భయమైంది. గోడ దించుడు నా చేతుల లేదు. కూర పెట్టుడు ఉంది. చేతుల ఉన్నదన్న చేస్తున్న."

కోపం ఎక్కడిదక్కడే ఉంది. దాని పక్కనే దుఃఖమూ వచ్చి కూర్చుంది. ఏది ముందు బయటికి రావాలో తెలియక గొంతు పెంచాను.

"మొన్నటి కూరల అంత ఉప్పేంది? కిడ్నీలు ఖరాబైనోనికి గింత ఉప్పేసి పెడుతున్నవా?"

ఆమె ఏడ్చింది. నేను అరిచానో, పలకరించానో నాకే తెలియలేదు.