కొంగ వెనక మీగడ

తిరుమలరావు పని తప్పు పట్టడం. బిలాస్‌పూర్ స్టేషన్‌లోకి బండి వస్తున్నప్పుడు పట్టాల పక్కన కూర్చుని కదిలే చక్రాలను చూస్తాడు. వేలాడే కడ్డీ, వేడెక్కిన ఇరుసు, చప్పుళ్ళ వరుసలో లయ తప్పిన ఒక్క దెబ్బ. ఇరవయ్యెనిమిదేళ్ళలో ఆయన కన్నూ చెవీ దాటిపోయినవి తక్కువ. తాత పలాస నుంచి పట్టాలు వేసే గ్యాంగులో వచ్చాడు. తండ్రి షెడ్డులో ఫిట్టరు. ఆ ఇంట్లో మగవాళ్ళు ఇనుము తప్ప మరోటి చూడరని అందరూ అనుకునేవారు, తిరుమలరావు ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కొనేదాకా.

కొన్నది కొంగల కోసం. కుదుదండ్ పేటలో ఆయన ఇంటికి రెండు సందుల అవతల ఒక కుంట ఉంది. వానాకాలంలో నీళ్ళ మధ్య నిలబడ్డ తుమ్మచెట్ల మీద నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. వాటి ముక్కు పూర్తిగా మూసుకోదు. నడుమ సన్నని సందు మిగులుతుంది, ఏదో చెప్పబోయి ఆగినట్టు.

ఈ ఏడాది ఆ చెట్ల కిందికే రోజూ పొద్దున్నే ఒక మున్సిపాలిటీ ట్రాక్టరు వచ్చి చెత్త గుమ్మరిస్తోంది. కోళ్ళ పేగులు, వాడేసిన డైపర్లు, ఎక్కడి రోగులవో రక్తం ఎండిన దూది. నీటి మీద పసుపుపచ్చ తెట్టు కట్టి, ఈగలు దాని మీద నడుస్తున్నాయి. కొంగపిల్లలు ఎగరడానికి ఇంకా నెల పడుతుంది. చెత్త అప్పటికే మొదటి తుమ్మ మొదలుదాకా వచ్చింది. తిరుమలరావు వార్డు ఆఫీసులో అర్జీ పెట్టాడు. ఫొటో జతచేసి మళ్ళీ రమ్మన్నారు.

కెమెరాతో వచ్చిన మామూలు లెన్సుకి కొంగలు అందలేదు. కెమెరా దుకాణం రాజేంద్ర రెండు జూమ్ లెన్సులు బల్ల మీద పెట్టాడు.

"వారం వాడి చూడండి అంకుల్. నచ్చింది ఉంచుకోండి. ఇది డెబ్బై నుంచి రెండు వందలు. ఇదేమో నూటయాభై నుంచి ఆరువందలు. దీంతో రోడ్డు మీద చాయ్ తాగుతూ కొంగ కనురెప్ప తీయొచ్చు. కంపు, బద్‌బూ కూడా తగలదు."

"మరి చిన్నదో?"

"దానికి దగ్గరికెళ్ళాలి. ఆ గందగీలోకి మీకెందుకు? పెద్దదే తీసుకోండి. వెనకదంతా ఏక్‌దమ్ మలాయి చేసేస్తుంది."

"మలాయేటి బాబూ?"

"పిట్ట ఒక్కటే కత్తిలా కనిపిస్తుంది. వెనక ఏదున్నా కరిగిపోతుంది. మీగడే."

మర్నాడు ఆయన పెద్ద లెన్సుతో రోడ్డు మీదే నిలబడ్డాడు. తల్లికొంగ రెక్కలు సగం విప్పింది. ఎండ ఈకల్లోంచి జారింది. చెత్తగుట్ట కరిగి లేత బంగారమైంది, తెట్టు పచ్చని పొగమంచైంది. గూటి వెనక కొమ్మకి నీలిరంగుది ఒకటి వేలాడుతోంది. ఆస్పత్రి రబ్బరు తొడుగు. తిరుమలరావు దాన్ని చూశాడు. చూసి, అరడుగు పక్కకి జరిగి, అది కూడా కరిగేదాకా ఆగి మీట నొక్కాడు.

ఇంటికి రాగానే భార్య కనకమహాలక్ష్మి గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటండీ ఆ కంపు? కుళాయి దగ్గరే ఒళ్ళు కడుక్కోండి. రైలు మురికి చాల్లేదా, ఊరి మురిక్కూడా మోసుకొస్తన్నారు?"

"ఇది చూడవే ముందు."

ఆవిడ కెమెరా వెనకున్న తెరలోకి తొంగిచూసింది. "అమ్మ బాబోయ్! ఇదెక్కడ? కశ్మీరా?"

"మన కుంటే."

"అచ్ఛా! మరి కంపేది?"

ఆయన నవ్వాడు. తర్వాత ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి నోరు చేదయ్యేది.

పక్షుల ఫొటోలు తీసే ఊరి బృందం ఆయన పంపిన ఆ బొమ్మని పెద్ద అచ్చు తీయించి పంచింది. వారం తిరక్కుండా, అర్జీ పట్టుకుని తిరుమలరావు మళ్ళీ వార్డు ఆఫీసుకి వెళ్ళేసరికి, శానిటరీ ఇన్‌స్పెక్టరు వీపు వెనక గోడకి అదే బొమ్మ.

"ఇది మీరు తీసిందేనా రావ్‌జీ? వాహ్!" అన్నాడతను హిందీలో. "ఇంత శుభ్రమైన కుంటకి అర్జీ ఏమిటి? ఎక్కడుంది చెత్త? ఇదుగో, నీలికలువ కూడా పూసింది."

వేలు పెట్టి చూపించాడు. ఆ వేలి కింద ఉన్నది రబ్బరు తొడుగు.

తిరుమలరావుకి అసహ్యం వేసింది. ఆ మనిషి మీద కాదు, తన మీద. విరిగిన చక్రాన్ని చూసి కూడా బండిని పోనిచ్చినవాడి మీద. అలాంటివాణ్ణి డ్యూటీలో ఎన్నడూ క్షమించలేదు ఆయన.

మర్నాడు ఉదయం చిన్న లెన్సు తగిలించుకుని చెత్తలోకి దిగాడు. మొదటి అడుగుకే మెత్తనిదేదో చెప్పు కింద చితికింది. రెండో అడుగుకి డోకొచ్చింది. పంది ఒకటి తలెత్తి, ఈయనా మనవాడే అన్నట్టు చూసి, మళ్ళీ పేగుల్లో మూతి పెట్టింది. నోట్లో నీరూరుతుంటే మింగలేదు, ఉమ్మనూ లేదు. మొదటి తుమ్మ కింద నిలబడి లెన్సుని డెబ్బైకి తిప్పాడు. అపర్చరు పదహారుకి మూశాడు. ఆ సన్నని కంతలోంచి దగ్గరిదీ దూరానిదీ ఒక్కలాగే, ఏ దయా లేకుండా, స్పష్టంగా పడతాయి.

పైన గూట్లో ఒక పిల్ల ఆ నీలి తొడుగు వేలుని ముక్కుతో పట్టి లాగుతోంది. నత్త మాంసమనుకుంది. రబ్బరు సాగుతోంది. ఈసారి ఆయన పక్కకి జరగలేదు.

ఫొటో తెరమీద చూసి రాజేంద్ర మొహం తిప్పుకున్నాడు. "ఛీ! దీన్ని ఎవడు లైక్ చేస్తాడు అంకుల్?"

"లైకుల కోసం కాదు. నీ పెద్దది నువ్వు తీసీసుకో. నాకిదే చాలు."

"పెద్దదీ మూసి తీయొచ్చు కదా?"

"అది నన్ను రోడ్డు మీదే నిలబెడతాది బాబూ."

పెద్ద అచ్చు తీయించుకుని నేరుగా ఆఫీసుకి వెళ్ళాడు. బల్ల మీద, ఇన్‌స్పెక్టరు టీ గ్లాసు పక్కన పరిచాడు. పిల్ల, తొడుగు, దూది, పేగులు, పంది, వెనక ఒరిగి గుమ్మరిస్తున్న ట్రాక్టరు. ఒక్కో ఈగ కాళ్ళు లెక్కపెట్టవచ్చు.

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం చూశాడు. గ్లాసు దూరంగా జరిపాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చేత్తో, వేలి కొనలతో, ఫొటోని బోర్లించాడు.

తిరుమలరావు దాన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పాడు.

"కలువ ఎలాగుంది సార్?"

ఇన్‌స్పెక్టరు రుమాలు తీయకుండానే ట్రాక్టరువాడికి ఫోను కలిపాడు.