ఏసోబు ఇంటి ఉపవాసం

ఇది ఒక మహా సంగ్రామం కథ. ఒకవైపు సంఘ పెద్ద, ఇంకోవైపు ఒక తల్లి, నడుమ ఇరవై ఏళ్లు దాటిన నేను. ఇలా మొదలుపెడితే బాగుంటుందనుకున్నాను గానీ, నిజం అంత లేదు. నాచారంలో ఒక ఆదివారం మధ్యాహ్నం కొంతమంది మనుషులు అన్నం తినాలా వద్దా అని గోడలకు ఆనుకుని కూర్చున్నారు. జరిగింది అంతే.

1968 వేసవి చివర్లో నన్ను ఉప్పల్ సంఘానికి ఉపదేశిగా వేశారు. ఉపదేశి అంటే పాస్టరు కింద పనిచేసే మనిషి. వాక్యం చెప్పవచ్చు, ప్రార్థన నడపవచ్చు, జబ్బుపడ్డవాళ్లను చూసి రావచ్చు. బాప్తిస్మం, ప్రభు సంస్కారం మాత్రం ఇవ్వకూడదు. ఆ రెండూ అభిషేకం పొందిన పాస్టరు పని. ఆయన్ను అందరూ ‘అయ్యగారు’ అనేవారు. నన్ను ‘ఉపదేశీ, జర ఇటు రా’ అనేవారు. హోదాల వరస ఇంతకంటే వివరంగా చెప్పనక్కర్లేదు.

నాకు అప్పగించిన పని నాచారం గృహకూటం. పెద్ద సంఘంలో ఒకరి మొహం ఒకరికి తెలియదు కాబట్టి, ఒక్కో వాడలో ఐదారు కుటుంబాలను కలిపి వారానికోసారి ఒకరింట్లో కూర్చోబెడతారు. పాట, వాక్యం, ప్రార్థన, ఆ తర్వాత టీ. విశ్వాసుల్ని మంచి గుణాల్లో పెంచడం దాని ఉద్దేశమని అయ్యగారు చెప్పారు. ఉప్పల్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేవాణ్ణి. వాళ్ల గుణాలు పెరిగాయో లేదో గానీ నా పిక్కలు పెరిగాయి.

ఆ కుటుంబాలన్నీ పల్లెల నుంచి కార్ఖానా పనికి వచ్చినవే. సంఘ పెద్ద దానియేలు గారు ఒక కార్ఖానాలో ఫోర్‌మన్. మంచి మనిషి. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనే దవాఖానాకు తీసుకుపోయేవాడు. అదే కార్ఖానాలో ఏసోబు ఫిట్టరు. భార్య సుగుణమ్మ. మిగతా కుటుంబాలన్నీ మాలవాడల నుంచి వచ్చినవి, ఏసోబుది మాదిగవాడ. ఊరు రెండు వాడల్నీ దూరం పెట్టింది. ఆ రెండూ ఒకదాన్నొకటి దూరం పెట్టుకున్నాయి. బాప్తిస్మం నీళ్లలో అన్నీ పోయాయని మా ప్రసంగాల్లో చెప్పేవాళ్లం.

కూటం ఇల్లిల్లూ తిరిగేది. ఏసోబు ఇంటి వంతు వచ్చిన మొదటిసారి దానియేలు గారు ఉపవాస ప్రార్థన ప్రకటించారు, వానల కోసం. రెండోసారి ప్రకటించారు, అయ్యగారి ఆరోగ్యం కోసం. మూడోసారి దేశం కోసం. దేశానికి ఏ కష్టం వచ్చినా సరిగ్గా ఏసోబు ఇంటి వంతు నాడే వచ్చేది. ఉపవాసం ఉన్నవాళ్లు టీ తాగరు కదా. ప్రార్థన ముగించుకుని, ఇళ్లకు పోయి, భోంచేసేవారు. సుగుణమ్మ పెట్టిన టీ నేనూ ఏసోబూ తాగేవాళ్లం. నేను పుట్టింది దానియేలు గారి వైపు వాడలోనే, కానీ ఉపదేశి ఉద్యోగంలో జీతం కంటే టీ నమ్మకమైనది.

ఆ చలికాలం వాళ్ల మూడేళ్ల పిల్లాడికి జ్వరం తిరగబెట్టి, దవాఖానాలో చాలా రోజులున్నాడు. ఒక దశలో డాక్టర్లే పెదవి విరిచారు. పిల్లాడు బతికితే కూటమంతటికీ తన చేత్తో వండి పెడతానని సుగుణమ్మ మొక్కుకుంది. బతికాడు. కృతజ్ఞత కూటానికి ఒక ఆదివారం ఖాయం చేశాం. దానికి ముందు వచ్చిన ఆదివారం ఆరాధనలో దానియేలు గారు లేచి, ఆ రోజు పిల్లవాడి సంపూర్ణ స్వస్థత కోసం ఉపవాస ప్రార్థన ఉంటుందని ప్రకటించారు.

ఆ సాయంత్రం ఏసోబు నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఉపదేశన్నా, నా భార్య ఒక్క మాట జెప్పుమన్నది. ఆ దినం గూడ ఎవ్వరు ముట్టకపోతే మా పేరు కూటంల నుంచి తీసెయ్యిన్రి. గుడికి గూడ రాము. పిల్లగానికి ఇంట్లనే ప్రార్థన నేర్పుకుంటం.”

నేను అయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. సమానత్వం మీద గంటసేపు వాక్యం చెబుతానన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, “ప్రసంగం జేయకు. జేస్తే ఆమెన్ అంటరు, ఇంటికి పోయి అన్నం తింటరు” అన్నారు. మరి ఏం చేయమంటారని అడిగితే, కూటం నడిపేది నువ్వు కదా అన్నారు. పై అధికారి సలహాలు సాధారణంగా ఈ కొలతలోనే ఉంటాయి.

నడిపేవాడికి నిజంగానే ఒక అధికారం ఉంది. ముగింపు ఆశీర్వాదం చెప్పేది అతనే. అది చెప్పేదాకా ఎవరూ లేవకూడదు, సంఘ పెద్ద అయినా సరే. నేను దాన్ని పట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. లోపల మాంసం కూర ఉడుకుతోంది, ఇవతల ఉపవాస ప్రార్థన నడుస్తోంది. పిల్లాడి కోసం ప్రార్థించాం. అయిపోయిందనుకుని అందరూ కళ్లు తెరిచేసరికి, ఈ ఉపవాసాన్ని ఈ ఇంట్లోనే ముగించుకుంటే బాగుంటుందన్నాను. ఒకరిద్దరు చెప్పుల వైపు చూశారు. అయితే ఇంకొంచెం ప్రార్థిద్దామన్నాను. కార్ఖానాల కోసం, రైళ్ల కోసం, మల్కాజిగిరిలో ఉన్న బంధువుల కోసం, చివరికి నేను పేరు మాత్రమే విన్న దేశాల కోసం ప్రార్థించాను. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దానియేలు గారు ఒక కన్ను తెరిచి, “ఉపదేశీ, పరలోకంల గూడ భోజనం యాళ ఉంటది” అన్నారు. “వంట ఇక్కడే అయింది కదా” అన్నాను. ఆయన కన్ను మళ్లీ మూసుకున్నారు.

అప్పుడు సుగుణమ్మ వంటింట్లోంచి వచ్చింది. పిల్లాడు చంకలో ఉన్నాడు. తిట్లు ఆయనకు పడతాయనుకున్నాను. నాకు పడ్డాయి.

“ఏంది ఉపదేశన్నా గిది? పట్టి కూసోబెట్టి బలవంతంగ తినిపిస్తవా? గట్ల తింటే నా బిడ్డకు మంచిగయితదా? ఆశీర్వాదం జెప్పు, పోయెటోళ్లను పోనీ. నేను మొక్కింది దేవునికి, దానియేలన్నకు గాదు.”

నా సంగ్రామం అక్కడితో ముగిసింది. ఆశీర్వాదం చెప్పాను. ఆమె ఒక కంచంలో అన్నం పెట్టుకొచ్చి, అందరి మధ్యా కూర్చుని, పిల్లాడి నోట్లో ముద్ద పెట్టింది. తనూ ఒక ముద్ద తిన్నది. ఏడవలేదు. ఎవరి వైపూ చూడలేదు. పిల్లాడు నముల్తున్న చప్పుడు గదంతా వినపడింది.

ఇప్పుడు లేవవచ్చు. దానియేలు గారి భార్య లేచింది, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక మరో కుటుంబం వెళ్లింది. దానియేలు గారు కూడా లేచారు. గుమ్మం దాకా పోయి నిలబడ్డారు. దవాఖానాలో ఆ పిల్లాణ్ణి రెండు రాత్రులు ఒళ్లో పడుకోబెట్టుకున్నది ఆయనే. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఆయన వెనక్కి తిరిగారు.

“సుగుణమ్మా, జర మంచినీళ్లియ్యి.”

పల్లెలో పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు, అన్నం కంటే నీళ్లు పెద్ద సంగతి. ఏసోబు చెంబు తీసుకుని లేవబోతే, సుగుణమ్మ ఆపి, చెయ్యి కడుక్కుని తనే తెచ్చింది. ఆయన నిలబడే సగం తాగారు. మిగతా సగం కూర్చుని తాగారు. తర్వాత, పిల్లాడి వైపు చూస్తూ, “నాక్కూడ పెట్టు బిడ్డా. పొద్దున ఇంట్ల ఉప్మా తిని వచ్చిన, నాది ఉపవాసమే గాదు” అన్నారు.

ఒక్కరు కూడా నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆ పూట నా నవ్వుకు అక్కడ పని లేదని తెలిసింది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే కాళ్లు మడుచుకుని కూర్చున్నారు. వెళ్లిపోయిన కుటుంబం మళ్లీ కూటానికి రాలేదు. దానియేలు గారి భార్య వచ్చింది, కానీ ఆ ఇంట్లో నీళ్లు ముట్టడానికి ఇంకో ఏడాది పట్టింది. ఏసోబు వాళ్ల పేరు కూటంలోనే ఉంది.

ఆ తర్వాత నేనూ అభిషేకం పొంది పాస్టరునయ్యాను, చాలా సంఘాల్లో పనిచేసి రిటైరయ్యాను. ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు సంగతులు. ఉపవాసం ప్రకటించేటప్పుడు, దాన్ని ఏ ఇంట్లో ముగిస్తారో కూడా అదే నోటితో ప్రకటించాలి. నేను పనిచేసిన ప్రతి చోటా ఉపవాసం జరిగిన ఇంట్లోనే ముగించాలన్న నియమం పెట్టించాను. చాలా చోట్ల ఉపవాసాలు తగ్గాయి. రెండోది, మనుషుల్ని మంచి గుణాల్లో పెంచేవాడు గుమ్మానికి అడ్డంగా నిలబడకూడదు. బయటికి దారి ఉంటేనే లోపలికి వచ్చిన అడుగుకు విలువ.

ఆ ఆదివారం తర్వాతి వారం కూటం వంతు దానియేలు గారిది. అంతవరకు గుమ్మం దగ్గరే కూర్చునే సుగుణమ్మ, ఆయన ఇంట్లో మొదటిసారి అందరితో పాటు చాప మీద కూర్చుంది. రేషన్ దుకాణానికి నిజంగానే కిరోసిన్ రాకపోవడంతో ఆ పూట ఎవరికీ టీ లేదు.