క్లాజెట్‌లో గోంగూర

ఆ రోజుల్లో, అంటే అమెరికాలో గోంగూర అన్న మాట వినాలన్నా మనలో మనం అనుకోవాల్సిందే తప్ప కొట్లో కంటికి కనపడని ఎనభయ్యో దశకం మొదట్లో, నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. కొలవలేనిది లోకంలో ఏదీ లేదని గట్టిగా నమ్మేవాణ్ణి. చదివింది చరిత్ర, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు కనక, ఎక్కడ ఆపాలో కూడా ఎవరూ చెప్పలేదు. ఇల్లినాయ్‌లోని అరోరాలో ఒక బోల్టుల గోడౌన్‌లో సరుకు లెక్క చూసే ఉద్యోగం. ఇంటికొచ్చాక అన్నం ఉడికే నిమిషాలు, మా ఆవిడ తుమ్ములు (ఉదయం పూట ఎక్కువ) గ్రాఫు కాగితం మీదికెక్కేవి.

ఆ అక్టోబరులో మా ఆవిడకి మూడో నెల. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. డాక్టరమ్మ తూకం చూసి, ఫిబ్రవరి చివరికి కనీసం ఎనిమిది పౌన్లు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వస్తుందని చెప్పింది. నేను ఇంటికొచ్చి ఎనిమిదిని వారాలతో భాగించి గోడకి అంటించాను. మా ఆవిడ దాన్ని చూసి, "ఏమండీ, నాకీ భాగహారాలొద్దు. వేడన్నంలో ఇంత గోంగూర పచ్చడి కలిపి పెట్టండి, నేనే పెరుగుతాను" అంది. అనడం కాదు, ఏడ్చింది. అదృష్టంకొద్దీ మా అత్తగారు చీరల మధ్య గోంగూర విత్తనాల పొట్లం ఒకటి పెట్టి పంపారు. లెక్కపెట్టాను. నూట పన్నెండు. బయటేమో నేల గడ్డకట్టబోతోంది.

అందుకని కోట్లు తగిలించుకునే క్లాజెట్ ఖాళీ చేసి, ప్లాస్టిక్ తొట్టిలో మట్టి నింపి, పైన ట్యూబులైట్లు వేలాడదీశాను. (ఇంట్లోకి మట్టి తేకూడదని అద్దె కాగితంలో స్పష్టంగా రాసి ఉంది. కింద వాటాలో ఉండే ఇంటావిడకి తన కార్పెట్ అంటే ప్రాణం.) నలభై గింజలు వేశాను. మట్టి గుల్లగా ఉండాలని ఉదయం, సాయంత్రం ఫోర్కుతో తవ్వేవాణ్ణి. వేరు ఎంత దిగిందో చూడ్డానికి రోజుకొక మొక్కని పీకి, టేపుతో కొలిచి, మళ్ళీ పాతేవాణ్ణి. పదకొండు రోజుల్లో మొక్కలన్నీ చచ్చిపోయాయి గానీ, గ్రాఫు మాత్రం అద్దంలా వచ్చింది. ఇంకో నలభై వేసి, లైట్లు రెట్టింపు చేశాను. అవి జానెడెత్తు పెరిగి, చేతివేళ్ళలా చీలిన ఆకులు వేసి, పసుపుపచ్చగా వాలిపోతున్న సమయంలో ఫ్యూజు పోయి పై అంతస్తు రెండు వాటాలూ చీకటైపోయాయి.

ఎదురు వాటా గడ్డమాయన టార్చితో వచ్చాడు. మరమగ్గంలా శబ్దం చేసే వ్యాన్ ఒకటి నడిపేవాడు. అంతకుమించి అతని గురించి మాకేం తెలియదు. వైరు ఎటు పోయిందో చూసుకుంటూ వెళ్ళి క్లాజెట్ తలుపు తీశాడు. టార్చి ఆకుల మీద ఆగిపోయింది. మెల్లిగా తలుపు దగ్గరికి వేశాడు.

"ఇది ఎవరెవరికి తెలుసు?" (మాట్లాడింది ఇంగ్లీషే. నా జ్ఞాపకంలో ఎప్పుడో తెలుగైపోయింది.)

"మా ఆవిడకి."

"ఇంటావిడకి?"

"అయ్యో! తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తుంది."

"ఇల్లొక్కటేనా!" అన్నాడు జాలిగా. తర్వాత వేలు మట్టిలో గుచ్చి, "దీన్ని తవ్వుతున్నావా?" అన్నాడు. తవ్వకం గురించి, కొలతల గురించి గర్వంగా చెప్పాను. అతను మా చెప్పుల మీదే చతికిలబడ్డాడు. "మ్యాన్, నిన్ను రోజూ మంచంమీంచి లాగి కాళ్ళు కొలిస్తే నువ్వు ఎదుగుతావా? మా నాన్న మొక్కజొన్న రైతు. నాగలి పక్కన పడేశాకే ఆయన నేల బాగుపడింది. మట్టిని కదపకు. లోపల వానపాములు చూసుకుంటాయి. గింజలెన్ని మిగిలాయి?"

"ముప్పై రెండు."

"ఆ టేపు ఇలా ఇయ్యి" అని జేబులో వేసుకున్నాడు.

మర్నాడు తన దగ్గర్నుంచి రెండు బకెట్ల మట్టి తెచ్చాడు. నల్లగా, తడిగా, నిండా వానపాములతో. పైన ఎండుగడ్డి కప్పాడు. ఎరువు పొడులొద్దు, కాఫీ పిప్పీ గుడ్డు పెంకులూ పైపైన వెయ్యి చాలు; మొక్కని పీకకుండా కత్తెరతో కొయ్యి, వేరుని అక్కడే కుళ్ళనీ, అన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డం నాకు జీవితంలో అదే మొదటిసారి. మొక్కలు మాత్రం నేను కొలవడం మానేసేదాకా కాచుక్కూర్చున్నట్టు లేచాయి. గడ్డమాయన వారానికోసారి వచ్చి చూసేవాడు.

"లైటు పన్నెండు గంటలకి ఎప్పుడు తగ్గిస్తావు? పువ్వు రావద్దూ?"

"పువ్వొస్తే ఆకు ముదిరిపోతుంది. మాకు ఆకే కావాలి. పువ్వు పారేస్తాం."

"పారేస్తారా!" గోడ పట్టుకున్నాడు. "ఇంతకీ ఎవరికి ఇదంతా? నీకా?"

"మా ఆవిడకి. కడుపుతో ఉంది కదా, తినాలని ఒకటే గోల."

"తింటుందా? ఎంత?"

"పూటకి ఇంత ముద్ద. వేయించి, మిరపకాయలతో నూరి."

అతను గొంతు తగ్గించాడు. "మీ దేశంలో అందరూ ఇంతేనా?"

"అందరూ కాదు, మా ఆంధ్రా వైపు ఎక్కువ. మా నాయనమ్మకి రోజూ ఉండాల్సిందే. పిల్లలకైతే నెయ్యి వేసి కలిపి పెడతాం."

ఆ రోజు నుంచి గడ్డమాయన నన్ను స్వాములవారిని చూసినట్టు చూడ్డం మొదలుపెట్టాడు.

జనవరి మధ్యలో మొదటి కోత. మా ఆవిడ పచ్చడి నూరింది. మా గడ్డం గురువుగారిని భోజనానికి పిలిచాం. ఒక్క ముద్ద తిని, కళ్ళు తుడుచుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, సోఫాలో వెనక్కి వాలి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పదకొండు నిమిషాలు.

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు చివరికి.

"దేనికి? అరగడానికా?"

కళ్ళు తెరిచాడు. మూడోసారి కలుపుకుంటున్న మా ఆవిడని చూశాడు. లేచి, క్లాజెట్‌లోంచి ఒక పచ్చి ఆకు తుంచి నమిలాడు. "ఇది పుల్లగా ఉంది."

"గోంగూర పుల్లగా కాక ఎలా ఉంటుంది?" అంది మా ఆవిడ.

గడ్డమాయన నా మోచెయ్యి పట్టుకుని తన వాటాలోకి తీసుకెళ్ళి, తన క్లాజెట్ తెరిచాడు. అదే తొట్టి, అదే గడ్డి, వేళ్ళలా చీలిన అవే ఆకులు. కాస్త సన్నగా, అంచులకి పళ్ళతో. ఆ వాసన మా ఊరి పొలిమేరల్లో బైరాగుల దగ్గర వచ్చేదే. గంజాయి! మత్తుండేది పువ్వులోనే కనక, పువ్వు పారేస్తామంటే అతనెందుకు గోడ పట్టుకున్నాడో అప్పుడర్థమైంది. వెనక్కొచ్చి చెబితే మా ఆవిడ ముద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో అలాగే ఉంచి, పొట్ట పట్టుకుని నవ్వింది. అక్టోబరు తర్వాత అంతలా నవ్వడం అదే మొదటిసారి. గుమ్మంలో గడ్డమాయన మాత్రం, "ఏడు వారాలు! పచ్చడికోసమా!" అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి, "ఇంకా కొంచెం ఉందా?" అన్నాడు.

కోసిన మొదళ్ళు మళ్ళీ చిగిర్చాయి, మళ్ళీ కోశాం. ఫిబ్రవరి చివర్న డాక్టరమ్మ తూకం చూసి, తొమ్మిదిన్నర పౌన్లు పెరిగిందనీ ఆసుపత్రి అక్కర్లేదనీ చెప్పి, ఏం తిందని అడిగింది. "ఆకుకూర" అన్నాం ఇద్దరం ఒక్కసారే, కొంచెం గట్టిగా.

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. ఇద్దరు మగాళ్ళు ఏడు వారాలు తలలు ఆనించి ఒకే తొట్టిలోకి చూశారు. ఆకులెన్నో, లైటెన్ని గంటలో, గడ్డి ఎంత మందమో అన్నీ మాట్లాడుకున్నారు. "ఇంతకీ ఇదేం మొక్క?" అని ఒక్కడూ రెండోవాణ్ణి అడగలేదు. నాలాంటి లెక్కలవాడికి అది సిగ్గుచేటే. కానీ నేను గోంగూర అని ఆ మొదటిరోజే చెప్పి ఉంటే, గడ్డమాయన ఫ్యూజు మార్చి, టార్చి ఆర్పుకుని ఇంటికి వెళ్ళిపోయేవాడు. ఆ రెండు బకెట్ల మట్టి మా గడప దాటేది కాదు. అందుకే ఆ ఇరవై తొమ్మిదేళ్ళ అమాయకుణ్ణి తిట్టబోయి, ప్రతిసారీ ఊరుకుంటాను.