చదవగానే సున్నా

మా వదిన సెలైన్ పంపులకు డ్రైవర్లు, అంటే వాటిని నడిపే ప్రోగ్రాములు, రాస్తుంది. గ్యాస్ కట్టేశానా లేదా అని మూడుసార్లు చూసుకునే మనిషి. ఆమె చేసే పనేమిటో మా అన్నయ్యకు ఈరోజుకీ బుర్రకెక్కలేదు. నాకు తెలుసు, ఆ పంపుల బోర్డులకు సోల్డరింగ్ చేసేది నేనే గనక.

చిప్పులో రిజిస్టర్లుంటాయి. ప్రోగ్రాముకు అవీ మామూలు మెమరీలాగే కొన్ని చిరునామాలు. ఒక చిరునామాలో ఒకటి రాస్తే మోటారు తిరుగుతుంది, సున్నా రాస్తే ఆగుతుంది. ఇంకోదాన్ని చదివితే ట్యూబులోకి గాలి బుడగ వచ్చిందో లేదో తెలుస్తుంది. వస్తే పంపు ఆగి అలారం మోగాలి. నరంలోకి గాలి పోతే ప్రాణం మీదికొస్తుంది.

ఆ మధ్యాహ్నం పరీక్ష బల్ల మీద బుడగ వచ్చింది, పోయింది. పంపు కిక్కురుమనలేదు. పదిసార్లు చూశాం, పదిసార్లూ అంతే.

"నీ అతుకులేమైనా ఊడాయేమో చూడు," అంది వదిన.

నాకు ఒళ్లు మండింది. "నా అతుకులు భేషుగ్గా ఉన్నాయి. ముందు నీ రాతలు చూసుకో!"

చూసుకుంది. తెర మీద ఆమె వేలు ఒకచోట ఆగిపోయింది. బుడగల లెక్క నమోదు కావాలని పోయిన వారం తనే చేర్చిన ఒక్క వరస అది. బుడగ సంగతి చెప్పే రిజిస్టరుదో పాడు గుణం, చదివిన మరుక్షణం సున్నా అయిపోతుంది. కొత్త వరస ముందే చదివేస్తోంది. తర్వాత అలారం కోసం చదివితే అక్కడేముంటుంది, సున్నా!

"తప్పు నాదేనే," అంది. ఇదే ప్రోగ్రాముతో మూడు పంపులు సోమవారమే ఆస్పత్రికి వెళ్లాయి.

మా మాటలు విని లోపలికొచ్చిన మేనేజరు తలుపు మూశాడు. "సాయంత్రానికి సరిచేసి, చడీచప్పుడు లేకుండా మార్చేద్దాం. ఇప్పుడు నోరు విప్పావంటే నీ ఉద్యోగం ఉండదు."

వదిన అప్పటికే ఆస్పత్రికి ఫోను కలిపి స్పీకరులో పెట్టేసింది.

"సిస్టర్, మా పంపులు వెంటనే ఆపేయండి. గాలి వచ్చినా అలారం మోగదు. తప్పు నాది."

"ఒకటే నడుస్తోందమ్మా, పసిపాపకి. ఉండండి!"

పరుగెత్తిన చప్పుడు వినబడింది. తర్వాత ఏమీ లేదు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"ట్యూబు నొక్కేశానండి," నర్సు రొప్పుతోంది. "బుడగ పాప చేతికి జానెడు దూరంలో ఉంది. మీ పంపు ఇంకా తోస్తూనే ఉంది."

వదిన నేల మీద కూలబడింది. ఫోను లాక్కుని నేనే అడిగాను, పాప ఎలా ఉందని.

"దానికేం తెలుసమ్మా," అంది నర్సు. "నిద్రపోతోంది."